గుంటూరు మంచుకి నల్ల గొంగడి

మిర్చి యార్డులో సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపించుకునేవాళ్లకు ఇక్కడి మంచు సంగతి తెలుసు. నేను కమీషన్ కొట్లో గుమస్తాని. ఆరుబయట గంటసేపు నిలబడితే స్వెట్టర్‌లోకి చెమ్మ దిగిపోతుంది. అందుకే ఈ శీతాకాలం ఎగ్జిబిషన్‌లో, పాలమూరు వైపు నుంచి వచ్చిన దంపతుల స్టాల్లో గొంగడి తీసుకున్నాను. 3,200 రూపాయలు.

ఇది దక్కని గొర్రెల ఉన్ని. మన వైపు తిరిగే నెల్లూరు జాతి గొర్రెలకు ఒంటి మీద వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు, వాటిని పెంచేది మాంసానికి. పాలమూరు వైపూ మాంసం గొర్రెలు పెరిగి దక్కని మందలు తగ్గాయి, నేసేవాళ్లకు ఉన్ని దొరకడం కష్టమైంది. అందుకే ధర నాకు ఎక్కువనిపించలేదు. నలుపు గొర్రె రంగే, అద్దకం కాదు. తెల్ల చొక్కాకి అంటదు.

గరుకు మాత్రం గరుకే. "కొత్తల కుచ్చుతది అన్నా, లోపల నూలు బట్ట ఉండాలె" అని స్టాల్లో అమ్మే ఆమే ముందు చెప్పింది. మెత్తదనం కావాలంటే శాలువా కొనుక్కోవాలి. గొంగడి కొని గరుకంటే గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమే. పడుగుకు, అంటే నేతలో నిలువు పోగులకు, చింతగింజల గంజి పట్టిస్తారు కాబట్టి మొదట్లో బిరుసు, వాడేకొద్దీ ఒంటికి అలవాటవుతుంది. మడిచి నెత్తిన కొప్పెర వేసుకుంటే చెవులు, మెడ, వీపు అన్నీ కప్పేస్తుంది. కాటా దగ్గర చీటీ రాసుకోవడానికి చేతులు ఖాళీ. మంచు పైపైనే బొట్లుగా నిలుస్తుంది, దులిపితే పోతుంది.

మా పనిలో ఇబ్బందల్లా మిర్చి ఘాటు. ఆ దుమ్ము ఉన్నిలో ఇరుక్కుంటుంది, ఇంట్లో దులిపితే పిల్లలకు ఒకటే తుమ్ములు. డాబా మీద దులిపి, పొడి బ్రష్‌తో ఒకే వైపు తోమి, కాసేపు పొద్దుటెండ చూపిస్తే చాలు. మాటిమాటికీ ఉతక్కూడదు, గంజి పోతుంది. సీజన్ చివర ఒక్కసారి చన్నీళ్లు, కుంకుడు రసంలో నానబెట్టి నొక్కి తీయాలి. వేడినీళ్లలో రుద్దితే ఉన్ని మీది సన్నటి పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసి కుంచించుకుపోతుంది, మళ్లీ సాగదు. వాషింగ్ మెషీన్ మాటే వద్దు. పిండకుండా నులక మంచం మీద నీడలో పరచాలి. తాడు మీద వేస్తే తడి బరువుకి ఆకారం పోతుంది.

ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. చెమట, కూర మరకలు ఉన్నచోట మరీ పడుతుంది. శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే పాత పంచెలో చుట్టి బీరువాలో పెట్టాలి. ఎండు వేపాకు వేసినా, నెలకోసారి తీసి దులపడం మానొద్దు.

నాది రెండు పలకలు కలిపి కుట్టింది. నడిమి కుట్టు ఒకచోట వదులుగా ఉంటే ఇంట్లో ఉన్ని దారంతో బిగించుకున్నాం. కొనేముందు అది చూసుకోండి. అంచు నుంచి ఒక పోగు తీసి నిప్పు అంటించమనండి కూడా. ఉన్నయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. ఆ స్టాల్లో ఆమె అడక్కముందే అంటించి చూపించింది.