సిమ్లాలో శాలువాల షాపు తినేసిన సాయంత్రం

హోటల్ వాళ్ళు కుదిర్చే టాక్సీ ఎక్కకండి. లోకల్ సైట్ సీయింగ్ అని మా దగ్గర 2,800 తీసుకున్నారు. కాగితం మీద ఎనిమిది చోట్లు, మూడోది వైస్రాయి భవనం, బ్రిటిష్ వైస్రాయిల వేసవి విడిది. నాన్న సిమ్లా వచ్చిందే దాని కోసం. కుఫ్రీ చూపించి తెచ్చిన డ్రైవర్ ఒక శాలువాల షాపు ముందు బండి ఆపి మాయమైపోయాడు. ఫోన్ చేస్తే "పది నిమిషాలు సార్" అంటాడు. గంటన్నర అలాగే గడిచింది. అమ్మ మొహమాటానికి 1,650 పెట్టి శాలువా కొన్నాక గానీ బండి కదల్లేదు. భవనం చేరేసరికి టికెట్ కౌంటర్ మూసేశారు. "పాత బంగళాయే కదా, గేటు దగ్గర ఫొటో తీసుకోండి" అన్నాడు డ్రైవర్. ఆ రాత్రి నాన్న సరిగ్గా అన్నం తినలేదు.

మర్నాడు జాఖూ గుడి మానుకుని, 400కి వేరే కారు మాట్లాడుకుని పొద్దున్నే ఆ భవనానికి వెళ్ళాం.

అబ్జర్వేటరీ హిల్ మీద బూడిదరంగు రాతి మేడ. నమూనా గీసింది హెన్రీ ఇర్విన్ అనే ఆర్కిటెక్ట్. 1888లో అప్పటి వైస్రాయి డఫరిన్ దొర ఇందులో దిగాడు. అప్పట్లో 331 ఎకరాల ఎస్టేటు, ఇప్పుడు 110 మిగిలాయి. లోపల ఎటు చూసినా టేకు చెక్కపనే. మంటలు లేస్తే మైనం బిరడాలు కరిగి నీళ్ళు చిమ్మే గొట్టాలను గైడ్ చూపించాడు. అన్నాళ్ళ కిందటే ఆ ఆలోచన రావడం నాకు భలే నచ్చింది. 1945లో వైస్రాయి వేవెల్ కాంగ్రెస్, ముస్లిం లీగ్ నాయకులను పిలిచి మాట్లాడిందీ, ఏదీ తేలకుండా లేచిందీ ఇక్కడే.

స్వాతంత్ర్యం వచ్చాక ఇది రాష్ట్రపతి విడిది అయింది. రాష్ట్రపతిగా ఉన్నప్పుడు రాధాకృష్ణన్ గారు దాన్ని పరిశోధకులకు అప్పగించి, 1965లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీని స్వయంగా ప్రారంభించారు. వైస్రాయిల డాన్సు హాలు ఇప్పుడు లైబ్రరీ. రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్. నాన్న చదివిందీ అక్కడే, చాలా ఏళ్ళ తర్వాత. "మా వీసీ గారు చేసిన పని ఇది" అని వచ్చీరాని హిందీలో గైడ్‌కి చెప్పి, పుస్తకాల బీరువాల వైపు చూస్తూ నిలబడిపోయారు. మా బ్యాచ్ వెళ్ళిపోతున్నా కదల్లేదు. అమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

సోమవారం సెలవు. లోపల ఫొటోలు తీయనివ్వరు, కొన్ని గదులే చూపిస్తారు. గైడ్ వెంట బ్యాచ్‌లుగా పంపుతారు కాబట్టి తోటతో కలిపి రెండు గంటలు చేతిలో పెట్టుకోండి. అంతసేపు ఆగనన్న టాక్సీని అక్కడికక్కడే వద్దనండి.