నాలుగు తీగలా, ఐదు తీగలా? విజయనగరం బేస్ వాళ్ళ తగువు

గంటస్తంభం దగ్గర టీ కొట్లో నలుగురు బేస్ గిటార్ వాళ్ళు కలిస్తే, మాట ఎక్కడ మొదలైనా తేలేది ఒకటే చోట. నాలుగు తీగల బేస్ మేలా, ఐదు తీగలది మేలా? ఐదు తీగలవాడు ముందు గోకుతాడు: "ఏటి బావా, అయిదోది తెగిపోనాదేటి?" నాలుగు తీగలవాడు ఊరుకోడు: "ఉన్న నాలుగూ సరిగ్గా మోగిస్తే అప్పుడు కొంటాన్లే. నీ అయిదో తీగకి బొటనవేలు ఆనించుకోడం తప్ప వేరే పని సూపించు." పక్కన కీబోర్డు వాయించేవాడుంటే ఇద్దరినీ కలిపి దులిపేస్తాడు: "మీ ఇద్దరి పనీ నా ఎడంచెయ్యి సేసేస్తాది."

నవ్వుకుని ఊరుకుంటాం గానీ, ఆ మూడో మాటే నిజమైన దెబ్బ. పెళ్ళి ఆర్కెస్ట్రాకి డబ్బు తగ్గిందంటే మొదట వ్యాన్‌లోంచి దిగేది బేస్ వాడే. డ్రమ్స్ మోగించే ప్యాడ్ లేకపోతే జనం లేచిపోతారు, కీబోర్డు లేకపోతే పాటే లేదు, బేస్ లేకపోతే మాత్రం చాలామందికి తెలీదు. అందుకని తీగలు ఎన్ని అన్నదానికంటే ముందు అడగాల్సింది, మన వాయింపు ఏ స్పీకర్లలోంచి బయటికొస్తుంది అని. ఈ తగువులో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

లెక్క చూడండి. మామూలు నాలుగు తీగల బేస్‌లో తీగలు ఇ, ఏ, డి, జి (E, A, D, G). వాటిలో అన్నిటికన్నా లావు తీగ ఇ, దాని స్వరం సుమారు 41 హెర్ట్జ్. ఐదో తీగ బి, సుమారు 31 హెర్ట్జ్. ఇక మన ఊళ్ళలో షామియానా పక్కన నిలబెట్టే పదిహేను అంగుళాల స్పీకర్ బాక్సులు చాలావరకు 45, 50 హెర్ట్జ్ దాటి కిందికి వెళ్ళేసరికి చేతులెత్తేస్తాయి. లావు శబ్దం కోసమే ఉండే పెట్టెలు, సబ్‌వూఫర్లు, తెచ్చే సౌండ్ వాళ్ళు ఉన్నారు, కానీ నెల్లిమర్ల, గజపతినగరం వైపు చిన్న సంబరానికి అవి వస్తాయని పెట్టుకోకండి. అంటే బి తీగ మీద మనం ఎంత గంభీరంగా కొట్టినా, అసలు స్వరం బాక్సులోనే ఉండిపోయి, దాని పైన పుట్టే 62, 93 హెర్ట్జ్ అనుస్వరాలు మాత్రం బయటికొస్తాయి. చెవి వాటిని బట్టి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. అదైనా మంచి స్పీకర్ అయితేనే. లేకపోతే వినబడేది బురబుర.

పాట సి శ్రుతిలో ఉందనుకుందాం. ఐదు తీగలవాడు బి తీగ ఒకటో ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) మీద సి వేస్తాడు, అది 33 హెర్ట్జ్‌కి కాస్త తక్కువ. నాలుగు తీగలవాడికి అది లేదు కాబట్టి ‘ఏ’ (A) తీగ మూడో ఫ్రెట్ మీద వేస్తాడు, 65 హెర్ట్జ్. ఆ బాక్సుల్లోంచి గుండెకి తగిలేది ఈ రెండోదే! ఐదు తీగలు కొన్నవాడు తన హెడ్‌ఫోన్‌లో విని మురిసిపోయిన లావు శబ్దం, మైదానంలో పక్కవాడి సన్న తీగ ముందు తేలిపోతుంది. ఈ ఒక్క సంగతి చెప్తే మా ఐదు తీగల మిత్రులు ఇప్పటికీ నాతో టీ తాగడం మానేస్తారు.

అయితే ఐదో తీగ దండగా? కాదు. అది చెవికి కాదు, చేతికి పనికొస్తుంది.

మా ఊళ్ళో పాడేవాళ్ళు చాలామంది సి, డి అని చెప్పరు. ఒకటి, ఒకటిన్నర, రెండు, అయిదున్నర అంటారు. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఊళ్ళో ఉంది, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు పాఠాలు చెప్పిన చోటు. అక్కడ నేర్చుకున్నవాళ్ళు, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు వీధికొకరుంటారు. కాబట్టి బేస్ వాడు ముందు ఈ పట్టీ కంఠతా పట్టాలి: ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, అయిదు జి, అయిదున్నర జి షార్ప్, ఆరు ఏ, ఆరున్నర ఏ షార్ప్, ఏడు బి. మూడున్నర లేదు, ఎందుకంటే హార్మోనియం మీద ఇ, ఎఫ్‌ల మధ్య నల్ల మెట్టు లేదు.

ఇప్పుడు స్టేజీ మీద జరిగేది చూడండి. ఇంట్లో మీరు పాటని ఇ శ్రుతిలో నేర్చుకున్నారు, ఎందుకంటే రికార్డు అలా ఉంది, ఖాళీ తీగ (ఫ్రెట్ నొక్కనిది) హాయిగా మోగుతుంది. పాడే అమ్మాయి మైకు దగ్గరికి నడుస్తూ వెనక్కి తిరిగి "అన్నయ్యా, రెండున్నర" అంటుంది. కీబోర్డు వాడు ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి నొక్కి, వేళ్ళు ఉన్నచోటే ఉంచి, మీవైపు చూసి నవ్వుతాడు. మీకు ఖాళీ తీగలన్నీ పోయాయి, ఇ తీగ కింద చోటు లేదు, చెయ్యి ఆరో ఫ్రెట్‌కి లాగాలి. ఐదు తీగలవాడికి ఈ టెన్షన్ తక్కువ. అతను అయిదో ఫ్రెట్ దగ్గర చెయ్యి పెట్టి, ఒక్క ఫ్రెట్ అటూ ఇటూ చాపుతూ, బి తీగ మీది ఇ నుంచి పైన జి తీగ దాకా దాదాపు రెండు సప్తకాలు చెయ్యి కదపకుండా వాయిస్తాడు. ఖాళీ తీగ మీద ఆధారపడడు కాబట్టి రెండున్నర అన్నా, అయిదున్నర అన్నా అదే వేళ్ళ లెక్క. ఆర్కెస్ట్రాలో తిరిగేవాడికి ఐదు తీగలు మేలు అనడానికి నాకు తెలిసిన గట్టి కారణం ఇదొక్కటే.

నేర్చుకునేవాడి సంగతి వేరు. ఐదు తీగల మెడ వెడల్పు, చిన్న చేతులకి మొదటి నెలల్లోనే మణికట్టు పట్టేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు, మనం వాయించని తీగ మోగడం. ‘ఏ’ (A) తీగ కొడితే బి తీగ తనంతట తాను గుయ్యిమంటుంది. దాన్ని ఆపడానికి కుడిచేతి బొటనవేలు పికప్ (తీగల కింద శబ్దం పట్టే పట్టీ) మీద ఒకేచోట ఆనించకుండా, మనం సన్న తీగలకి వెళ్ళేకొద్దీ లావు తీగల మీదికి వాలుతూ రావాలి. టీ కొట్లో ఎగతాళి చేసిన ఆ బొటనవేలి పని నిజానికి పెద్ద పనే. మొదటి ఏడాది ఆ తలనొప్పి నెత్తికెత్తుకోవడం నా దృష్టిలో అనవసరం. పైగా చౌక ఐదు తీగల బేస్‌లలో 34 అంగుళాల కొలత (తీగ మోగే పొడవు) మీద బి తీగ వదులుగా, రబ్బరులా ఉంటుంది. 35 అంగుళాల కొలతవి బిగువుగా ఉంటాయి, ధర కూడా బిగువే.

మధ్యదారి కూడా ఉంది. నాలుగు తీగల బేస్ మీదే ఇ తీగని డికి దించుకోవచ్చు. ‘రెండు’ (డి) శ్రుతి పాటలు ఎక్కువున్న రాత్రికి బావుంటుంది గానీ, ఆ తీగ మీద ప్రతి స్వరం రెండు ఫ్రెట్లు జరుగుతుంది, చీకట్లో చెయ్యి మర్చిపోతుంది. ఇంకో పద్ధతి, ఐదు తీగల సెట్ కొని లావు నాలుగూ (బి, ఇ, ఏ, డి) ఎక్కించడం. దానికి నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) మీద గాడి వెడల్పు చేయాలి, మెడ బిగింపు కూడా మళ్ళీ సరిచూసుకోవాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణకి మేళం కట్టే (మైనంతో మెట్లు అమర్చే) చేతులు ఉన్నాయి గానీ, మెడ లోపలి ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, తిప్పే పనికి మనం విశాఖ బస్సే ఎక్కాలి.

ఖరీదు కథ పొడుగ్గా చెప్పను. మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువగా చూసేవి యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఐబనెజ్ జీఎస్‌ఆర్ 200. ఐదు తీగల్లో అవే కంపెనీల టీఆర్‌బీఎక్స్ 305, జీఎస్‌ఆర్ 205. ఐదుకి వెళ్తే బేస్ ఒక్కటే కాదు, తీగల సెట్ కూడా ప్రతిసారీ ఎక్కువ పడుతుంది. శ్రీకాకుళం వైపు సముద్రపు గాలికి, చేతి చెమటకి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో ఒక్కో తీగా తుడవడానికి రెండు నిమిషాలు చాలు.

యాక్టివ్ బేస్ అయితే ఒక జాగ్రత్త. లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. జాక్ గుచ్చి ఉంచినంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది, వాల్యూమ్ సున్నాలో ఉన్నా సరే. బ్యాటరీ పాతదై ఉండి, సాయంత్రం సౌండ్ చెక్ అయ్యాక కేబుల్ లాగకుండా భోజనానికి వెళ్ళి కబుర్లలో పడితే, అర్ధరాత్రి మాస్ పాట మధ్యలో బేస్ ముందు బొంగురుపోయి తర్వాత మూగబోతుంది. ఆ వేళప్పుడు కిరాణా కొట్టు కూడా ఉండదు.

ఇక ఎక్కడ వాయించడం మేలు, చర్చిలోనా ఆర్కెస్ట్రాలోనా? చర్చికి వెళ్ళే అలవాటున్నవాళ్ళకి నేనైతే మొదటి ఏడాది కళ్ళు మూసుకుని చర్చే చెప్తాను. ప్రతి ఆదివారం వాయించాలి, ఆషాఢం, మూఢం అని ఆగదు. డ్రమ్స్ వాయించేది అదే మనిషి, కాబట్టి అతని కిక్‌తో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముతో) మన కుడిచేయి జతకట్టడం అలవాటవుతుంది. బేస్ వాడికి అసలు విద్య అదే. చివరి చరణంలో ఒక్కసారిగా అర శ్రుతి పెంచుతారు, పల్లవి ఎన్నిసార్లు తిప్పుతారో ముందే తెలీదు, కళ్ళతో చూసి పట్టుకోవాలి. డబ్బు ఉండదు, ఉన్నా దారి ఖర్చులకి. డిసెంబర్‌లో సెమీ క్రిస్మస్ ప్రోగ్రామ్‌లు వరసగా పడితే మాత్రం చేతికి బాగా పని.

ఆర్కెస్ట్రాలో డబ్బు ఉంది, రాత్రి నిద్ర లేదు, రిహార్సల్ అసలే లేదు. పాటల లిస్టు వ్యాన్‌లో చేతికొస్తుంది. దసరా నుంచి పైడితల్లి సిరిమాను పండగ దాకా, తర్వాత సంక్రాంతి, ఆ పైన పెళ్ళిళ్ళు. ఈ మధ్య సగం పాటలు ట్రాక్ (ముందే రికార్డు చేసిన వాయింపు) పెట్టి పాడేస్తున్నారు. ట్రాక్‌లో బేస్ ముందే ఉంటుంది, దాని మీద మనమూ వాయిస్తే రెండూ కలిసి బురద అవుతుంది. అలాంటి పాటకి చేతులు కట్టుకుని నిలబడండి, లేదా ఒక సప్తకం పైన చిన్న చిన్న పూరింపులు వేయండి. కీబోర్డు వాడితో మాత్రం పాట మొదలయ్యే ముందే ఒప్పందం చేసుకోవాలి: "గురూ, ఎడంచెయ్యి పైకి పట్టు, కింద నేను చూసుకుంటా." ఒప్పుకోకపోతే గొడవ వద్దు. నాలుగు పాటలు శుభ్రంగా ప్యాడ్ కిక్‌తో కలిపి వాయిస్తే, అతనే ఎడమచేతికి విశ్రాంతి ఇస్తాడు.

వేళ్ళతో వాయించాలా, పిక్‌తోనా (తీగ మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్ళతో) అన్నది ఇంకో పాత తగువు. జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడువేలితో వాయించి చరిత్రలో నిలిచాడు, కెరోల్ కే పిక్‌తో వాయించి నిలిచింది. ఇద్దరిదీ అరవైల అమెరికా స్టూడియో కాలమే. మన బాక్సుల ముందు పిక్‌కి ఒక లాభం ఉంది, తీగ తగిలిన చప్పుడు స్పష్టంగా ఉండి, లావు శబ్దం పోయినా స్వరం తెలుస్తుంది. వేళ్ళతోనే వాయిస్తానంటే బ్రిడ్జి (తీగలు ఒంటికి బిగిసే చోటు) వైపు కాస్త జరిగి కొట్టండి, దాదాపు అదే పని జరుగుతుంది.

సొంత ఆంప్ (ఆంప్లిఫైయర్) మొయ్యాలా? గదిలో సాధనకి చిన్నది చాలు. మైదానంలో ముప్ఫై, నలభై వాట్ల ఆంప్ డ్రమ్స్ పక్కన ఉన్నా లేనట్టే. దాని బదులు ఒక డీఐ బాక్స్ (బేస్ శబ్దాన్ని మిక్సర్‌కి తగినట్టు మార్చే చిన్న పెట్టె), రెండు మంచి కేబుళ్ళు సంచీలో పెట్టుకోండి. బ్యాటరీ లేని బేస్‌ని సరాసరి మిక్సర్ లైన్‌లోకి గుచ్చితే పై శబ్దం అంతా పీల్చేసి దుప్పటి కప్పినట్టు వస్తుంది. జనరేటర్ కరెంటు మీద గుయ్యిమనే హమ్ వస్తే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కి చూడండి, చాలాసార్లు ఆగిపోతుంది. సౌండ్ వాళ్ళతో "బేస్ పెంచు" అనకండి, వాళ్ళు గిరగిరా ఈక్యూలో బేస్ తిప్పుతారు, బురబుర పెరుగుతుంది. "అన్నా, 80 దగ్గర కొంచెం తగ్గించి 700 దగ్గర కొంచెం ఎత్తు" అంటే మీ లైను గుంపులో వినబడుతుంది.

ఇంతా చదివి నన్ను ఏదో ఒకటి తేల్చమంటే: ఇంకా నేర్చుకుంటున్నా, చర్చిలో వాయిస్తున్నా నాలుగు తీగలే. ఏడాదిలో సగం రాత్రులు వ్యాన్‌లో గడిపే ఆర్కెస్ట్రా వాడికి ఐదు. కొత్త డాన్స్ పాటల్లో సింథ్ బేస్ లోతుకి దిగాలి, విశాఖలో సబ్‌లున్న హాళ్ళలో వాయించాలి అన్నా ఐదే. టీ కొట్లో మర్యాద కోసమైతే మాత్రం ఐదు వద్దు.

సెకండ్‌హ్యాండ్ చూడ్డానికి వెళ్తే ఆంప్‌లో పెట్టకముందే పని మొదలుపెట్టండి. లావు తీగని ఒకటో ఫ్రెట్ దగ్గర ఎడమచేత్తో, మెడ ఒంటికి కలిసేచోట కుడిమోచేతితో నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. విజిటింగ్ కార్డు పట్టేంత సందు ఉంటే మెడ బాగుంది. కార్డు వదులుగా ఆడితే ముందుకి వంగింది, అసలు సందే లేకపోతే వెనక్కి. రెండూ ట్రస్ రాడ్‌తో సర్దుకునేవే, రాడ్ తిరిగితే. తిప్పి చూడనివ్వమని అడగండి. తర్వాత ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్ మెల్లగా ఒక్కొక్కటి మోగించండి, ఎక్కడైనా టక్కుమని చచ్చిన శబ్దం వస్తే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. ఐదు తీగలదైతే బి తీగ అయిదో ఫ్రెట్ మీది ఇ, ఖాళీ ఇ తీగ పక్కపక్కన కొట్టి వినండి. రెండూ ఒకే మనిషి గొంతులా ఉండాలి. ఒకటి మనిషి, ఒకటి ఖాళీ డ్రమ్ము అయితే బేరం ఆడకుండా లేచి రండి.