పెళ్లి గౌనును మార్పించుకుని వాడుతున్నా: కొన్నేళ్ల తర్వాత నా సమీక్ష

పెళ్లి గౌనును మార్పించుకుని కొన్నేళ్లయింది. ఇప్పటికీ వేసుకుంటున్నాను. పార్టీలకే కాదు, మామూలుగా బయటికి వెళ్లేటప్పుడు కూడా. మార్పించిన కొత్తలోనే రాసుంటే అద్దంలో చూసుకుని మురిసిపోయి రాసినట్టుండేది. ఇప్పుడు ఉతికి, ఇస్త్రీ చేసి, చెమటకు తడిపి, రెండు మూడు చోట్ల మళ్లీ కుట్టించాక రాస్తున్నాను. అందుకే ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది ధైర్యంగా చెప్పగలను.

అసలు మాట ముందే చెప్తాను. పెళ్లి గౌను బీరువాలో ఉండిపోవడానికి కారణం దాని తెలుపు కాదు, లేసూ కాదు. లోపలి కట్టుబడి. చాలామంది రంగు వేయిద్దామా, పొట్టి చేయిద్దామా అని పైనుంచి మొదలుపెడతారు. అవన్నీ చేయించినా, గంటసేపు కూర్చుంటే పక్కటెముకల కింద బోన్లు (పై భాగం బిగువుగా నిలవడానికి లోపల కుట్టే గట్టి బద్దలు) గుచ్చుకునే బట్టను ఎవరూ రెండోసారి వేసుకోరు. మార్పు లోపలి నుంచి మొదలవ్వాలి.

నా గౌను పై పొర పాలిస్టర్ శాటిన్, దాని మీద పూసలు కుట్టిన లేసు. నడుము కింద నెట్ పొరలు, వాటి కింద క్యాన్‌క్యాన్ (స్కర్టు ఉబ్బుగా నిలవడానికి వేసే గట్టి నెట్), అన్నిటికన్నా లోపల లైనింగ్. పై భాగంలో ప్లాస్టిక్ బోన్లు, కప్పులు. వెనక నేల మీద పాకే పొడవాటి ట్రెయిల్.

కత్తెర పెట్టకముందే డ్రై క్లీనింగ్‌కి ఇచ్చాను. ఇది ఎవరూ మానకూడదు. చెమట, ఒలికిన డ్రింకుల్లోని చక్కెర ఆరిపోయాక కంటికి కనపడవు. నెలలు గడిచాక అవే పసుపు మరకలై తేలతాయి. ఈలోగా వాటి మీద ఇస్త్రీ పెట్టె పెడితే ఆ వేడికి మరక గుడ్డలోకి ఇంకిపోతుంది, ఇక వదలదు.

మొదట చూపించిన టైలర్ గౌనును టేబుల్ మీద పరిచి, లోపల ఒక్క కుట్టు కూడా చూడకుండా "మోకాళ్ల కిందికి కత్తిరించేద్దాం" అన్నాడు. మాట్లాడకుండా తెచ్చేసుకున్నాను. రెండో ఆవిడ గౌనును తిరగేసి లైనింగ్ కుట్టు కొంచెం విప్పి, లోపల మార్జిన్, అంటే కుట్టు పక్కన మిగులు గుడ్డ, ఎంత వదిలారో వేలితో కొలిచింది. పని ఆవిడకే ఇచ్చాను.

ఆవిడ చేసినవాటిలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది నడుము దగ్గర గౌనును రెండుగా విడదీయడం. ఇప్పుడది ఒక స్కర్టు, ఒక టాప్. స్కర్టు మీద మామూలు చొక్కా వేసుకుంటే అది పెళ్లి బట్టని ఎవరూ పోల్చుకోలేరు. క్యాన్‌క్యాన్ మొత్తం తీసేసి, నెట్‌లో ఒక్క పొర మాత్రం ఉంచాం. దాంతో సగం బరువు పోయినట్టనిపించింది. బోన్లలో ముందు, పక్కల ఉన్నవి తీసేసి వెనక రెండు మిగిల్చాం. ఆ రెండూ లేకపోతే టాప్ జారుతుంది.

లేసు మీద కుట్టు వేయాల్సిన చోట పూసలు అడ్డం వస్తాయి. వాటి మీదుగా మిషన్ పోనిస్తే సూది విరుగుతుంది. దారం తెంపితే పక్కనున్న పూసలన్నీ వరసగా రాలిపోతాయి. అందుకని ఆవిడ ఒక్కో పూసను చిన్న ప్లయర్స్‌తో పట్టి, గాజు ముక్క కంట్లో పడకుండా పైన గుడ్డ కప్పి, నలిపేసేది. పూస పొడి అయిపోతుంది, దారం మాత్రం తెగదు. నేను దగ్గర కూర్చుని చూశాను. మిషన్ పని కన్నా దీనికే ఎక్కువసేపు పట్టింది. అంచు లేసును కూడా కత్తిరించలేదు. మొత్తం విప్పి, స్కర్టు పొడవు తగ్గించాక కొత్త అంచుకు చేత్తో కుట్టింది. ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ వేలాడదీస్తే సాగుతుందని, అంచు మడిచే ముందు స్కర్టును ఒక రాత్రంతా హ్యాంగరుకు ఉంచింది.

ఒళ్లు వచ్చింది కాబట్టి టాప్ వదులు చేయాలి. మార్జిన్ ఉంది కదా, విప్పితే సరిపోతుందని అందరూ అనుకుంటారు. శాటిన్‌లో కుదరదు, పాత సూది రంధ్రాలు వరసగా కనపడతాయి. ట్రెయిల్ గుడ్డతో చంకల కింద పట్టీలు వేశాం. ఆ తెలుపు బయట కొన్న గుడ్డతో కలవదు, ట్రెయిల్‌తోనే కలుస్తుంది. అయితే శాటిన్ నిలువుగా ఒకలా, అడ్డంగా ఒకలా మెరుస్తుంది. ముక్కను అదే దిశలో కత్తిరించకపోతే అతుకు దూరం నుంచే తెలిసిపోతుంది. మిగిలిన ట్రెయిల్‌తో స్కర్టుకు రెండు జేబులు వచ్చాయి. నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

2024లో సమంత తన తెల్ల పెళ్లి గౌనును నల్లటి డ్రెస్‌గా మార్పించుకుని అవార్డుల వేడుకకు వేసుకున్నాక, "నువ్వూ రంగు వేయించొచ్చుగా" అని నన్ను చాలామంది అడిగారు. అది గుడ్డను బట్టి ఉంటుంది. లోపలి నుంచి ఒక పోగు తీసి, నీళ్లు దగ్గర పెట్టుకుని కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద నలిగిపోతే పట్టు. కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టర్ లాంటి సింథటిక్. పట్టు రంగు బాగా పీలుస్తుంది. పాలిస్టర్‌కు వేరే రకం రంగు, మరిగే వేడి రెండూ కావాలి, ఆ వేడికి లేసు, పూసలు ఆగుతాయన్న నమ్మకం లేదు. ఇంకో చిక్కు, పట్టు గౌనునైనా పాలిస్టర్ దారంతో కుట్టి ఉంటే గుడ్డంతా రంగెక్కి కుట్లు మాత్రం తెల్లగా మిగులుతాయి. నేను తెలుపే ఉంచేశాను, అందుకు చింత లేదు.

ఇక వాడకంలో తేలినవి. స్కర్టు బంగారం. చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి, తిరగేసి పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తాను, ఇంతవరకు మెరుపు తగ్గలేదు. టాప్ అంత బాగా నిలవలేదు. బ్యాగు పట్టీ రాసుకునే భుజం దగ్గర లేసు పోగులు లేచాయి. ఒక పక్క కుట్టు దగ్గర శాటిన్ పోగులు విడిపోతుంటే లోపల సన్న పట్టీ వేయించాల్సి వచ్చింది. ఒంటికి పట్టినట్టుండే శాటిన్ టాప్ ఎవరు కుట్టించుకున్నా ఆ పట్టీ మొదట్లోనే వేయించమంటాను. డ్రై క్లీనింగ్‌లో కొన్ని పూసల పూత పోయింది, అందుకే ఇప్పుడు టాప్ మొత్తం తడపకుండా చంకల దగ్గర మాత్రం తుడుస్తున్నాను. లేసు మాత్రం, భుజం సంగతి వదిలేస్తే, చెక్కుచెదరలేదు. విక్టోరియా రాణి 1840 నాటి తన పెళ్లి లేసును ముసలితనంలోనూ ధరించిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. మంచి లేసు గుడ్డ కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది.

గౌనంతా పూసల పనే ఉంటే, పట్టు మడతల దగ్గర చిట్లుతుంటే, లేదా కూతురికి ఇవ్వాలని మనసులో ఉంటే కత్తెర పెట్టకండి. ఖర్చు మాటకొస్తే, చేతి పనికి దగ్గర దగ్గర కొత్త డ్రెస్ కుట్టించినంత అడుగుతారు. నాకు అది న్యాయమనే అనిపించింది.

ఇప్పుడు టాప్ లైనింగ్ మళ్లీ విప్పిస్తున్నాను. పాలిస్టర్ లైనింగ్ చెమట పీల్చదు, ఎండల్లో టాప్ పక్కన పెట్టేస్తున్నది అందుకే. ఈసారి మెత్తటి నూలు గుడ్డ వేయిస్తున్నా, చంకల దగ్గర ఊడదీసి ఉతుక్కునే ప్యాడ్లతో.