బెజవాడలో వినపడని గజ్జెలు కూచిపూడిలో విన్నాను

కూచిపూడి నాట్యం నేర్చుకుంటున్న మా చెల్లెలి కూతురికి గజ్జెపూజ (కాళ్ళకి తొలిసారి గజ్జెలు కట్టే వేడుక) అయిన ఏడాదే వాళ్ళ కాలనీ వాళ్ళు నృత్యోత్సవం పెట్టుకున్నారు. "పెద్దమ్మా, నువ్వు రాకపోతే నేను తరంగం చెయ్యను" అని భీష్మించుకుంది. తరంగం అంటే కూచిపూడిలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి చేసే నాట్యం. రాత్రి రైలెక్కి తెల్లారేసరికి బెజవాడలో దిగాను.

చెల్లెలి ఇల్లు చుట్టాలతో నిండిపోవడంతో గాంధీనగర్‌లో ఒక లాడ్జిలో దిగాను. స్టేషన్‌కి నడిచి వెళ్ళొచ్చు, ఆ ఒక్కటే సుఖం. ఏడున్నరకే వేడినీళ్ళు కట్టేశారు. ఈసారి చెల్లెలి ఇంట్లో చాపేసుకుని పడుకుంటాను గానీ అక్కడికి వెళ్ళను. బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ మాత్రం ఎప్పటిలాగే ప్రాణం లేచొచ్చేలా ఉంది.

సాయంత్రం కల్యాణమండపంలో కార్యక్రమం. మార్వాడీ ఆడవాళ్ళు ఘూమర్ ఆడారు, ఒక తమిళ కుటుంబం పిల్లలిద్దరు భరతనాట్యం చేశారు. అరవై దాటిన అమ్మలు కోలాటం కోపులు (అడుగుల వరసలు) తప్పకుండా వేస్తుంటే కళ్ళు చెమర్చాయి. ఆఖరున మా పిల్ల తరంగం. ఇత్తడి పళ్ళెం అంచుల్ని కాలివేళ్ళతో బిగించి పట్టి, మడమలు ఆడిస్తూ, పళ్ళెంతో సహా ముందుకు జరుగుతుంటే నేను ఊపిరి బిగబట్టాను. కానీ స్పీకర్ల హోరులో గజ్జెల చప్పుడు ఒక్కటీ వినపడలేదు. కాళ్ళు మాట్లాడే నాట్యం అది. పాట కాస్త తగ్గించమని రెండుసార్లు అడిగినా వినలేదు. ఆ బాధ నన్ను వదల్లేదు.

అందుకే మర్నాడు పిల్లని తీసుకుని కూచిపూడికి బయల్దేరాను. నెహ్రూ బస్టాండు నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా గంటన్నర పైనే పట్టింది. టిఫినూ, మంచినీళ్ళూ వెంట ఉంచుకోవడం మేలు. బస కోసం ఊళ్ళో వెతుక్కోకుండా సాయంత్రానికి బెజవాడ చేరిపోవచ్చు.

కూచిపూడి నాట్యానికి ఆద్యుడిగా చెప్పుకునే సిద్ధేంద్ర యోగి పేరిట ఉన్న కళాపీఠంలో పిల్లలు సాధన చేస్తున్నారు. వరండాలో నిలబడి చూడనిచ్చారు. మైకు లేదు. నట్టువాంగం (నాట్యాన్ని తాళం వేసి నడిపించడం) తాళాలు, గురువుగారి గొంతు, నేల మీద పాదాలు, అంతే. ఒక కుర్రాడి అడుగు అరక్షణం వెనకబడితే అది కూడా చెవికి తెలిసింది.

ఒకప్పుడు ఈ ఊళ్ళో ఆడవేషాలన్నీ మగవాళ్ళవే. సత్యభామ కథతో నడిచే భామాకలాపం అనే నృత్యనాటకంలో తెర మీదుగా జడ వేసి సవాలు చేసే సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారే అనేవారు మా నాన్న. ఆడపిల్లలకు ఈ విద్య నేర్పిన వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు, 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం గారు ఈ ఊరివాళ్ళే. ఆ మాట చెబితే మా పిల్ల కాసేపు మాట్లాడలేదు.

దగ్గర్లోనే మొవ్వ, పదకర్త క్షేత్రయ్య ఊరు. బెజవాడలో తుమ్మలపల్లి వారి కళాక్షేత్రానికి ఉన్నది ఆయన పేరే. ఆటోలో వెళ్ళి గోపాలస్వామిని చూసుకుని మళ్ళీ కూచిపూడి వచ్చాం.

రామలింగేశ్వరస్వామి గుడి దగ్గర పిల్ల సంచీలోంచి గజ్జెలు తీసి కళ్ళకద్దుకుంది. "ఇక్కడ కట్టుకోవచ్చా పెద్దమ్మా?" అంది. అక్కడున్న పెద్దాయన్ని అడిగితే "నీ ఊరే కదమ్మా, కట్టుకో" అన్నారు. భూమికి దణ్ణం పెట్టి నాలుగు అడుగులు వేసింది. ఈసారి ఒక్కో మువ్వా విన్నాను.