బాల్కనీకి "రీడ్ స్క్రీన్" తెప్పించాం: పుల్ల సూపర్, తీగే కొంప ముంచింది

మాది వైజాగ్ ఎంవీపీ కాలనీ, నాలుగో ఫ్లోర్, పడమటి బాల్కనీ. మధ్యాహ్నం 2 దాటితే అక్కడ బట్టలు తప్ప మనుషులు నిలబడలేం. ముందు గ్రీన్ నెట్ కట్టాం, అది ఏడాదికే పిండిపిండైపోయింది, అందుకని ఈసారి ప్లాస్టిక్ వద్దంటే వద్దని మా ఆయన ఆన్‌లైన్‌లో 6 అడుగుల ఎత్తు, 16 అడుగుల పొడవు "రీడ్ స్క్రీన్", అంటే గడ్డి పుల్లలు కలిపి కుట్టిన తడిక రోల్ ఒకటి 2,300 పెట్టి ఆర్డర్ చేశారు.

పార్సిల్ విప్పగానే మా అత్తయ్యగారు ఒకటే నవ్వు. ఆవిడ పుట్టిల్లు కైకలూరు దగ్గర, కొల్లేటి ఒడ్డున. ఒక పుల్ల విరిచి కన్ను పెట్టి చూసి "ఇది కిక్కిస తడికేనే, దీనికి రెండువేల మూడొందలా!" అన్నారు. కిక్కిస అంటే నీళ్లలో పెరిగే పొడవాటి గడ్డి. ఎలా గుర్తుపట్టారంటే చెప్పారు, జమ్ము గడ్డి అయితే స్పాంజిలా మెత్తగా ఉంటుందట, రెల్లు పుల్లలో బెండు ఉంటుందట, కిక్కిస మాత్రం లోపల బోలుగా ఉండి ప్రతి కణుపు దగ్గరా మూసుకుపోయి ఉంటుందట. నేనూ విరిచి చూశా, నిజమే. వెదురు బద్దలేమో అనుకున్నాను నేనైతే, బద్ద బోలుగా ఎందుకుంటుంది అసలు.

పుల్ల గురించి ఒక్క మాట కూడా వంక పెట్టలేను. ఎండ ఆగింది, గాలి మాత్రం సందుల్లోంచి వస్తూనే ఉంది, సాయంత్రం కుర్చీ వేసుకుని టీ తాగగలుగుతున్నాం. వానలకి తడిసినా ఎండ రాగానే ఆరిపోయింది, బూజు పట్టలేదు. నీళ్లలో నిలబడి పెరిగే గడ్డి, పైగా ఒంటినిండా సిలికా, అంత తొందరగా కుళ్లదు. ఇంగ్లండ్‌లో దీని చుట్టం గడ్డితో ఇళ్ల కప్పులే వేస్తారు, బాగా కడితే పాతికేళ్లు పైనే ఉంటుంది.

అసలు గొడవ తీగతో. పుల్లల్ని కలిపి కుట్టింది సన్నటి ఇనప తీగ, వైజాగ్ ఉప్పు గాలికి అది ఎన్నాళ్లాగుతుంది చెప్పండి? నాలుగో నెలకే తెల్ల టైల్స్ మీద ఎర్రటి చారలు దిగాయి, ఎనిమిదో నెలలో ఒక రాత్రి గట్టి గాలికి మధ్య వరస తీగ పుటుక్కుమంది, పొద్దున్న లేచి చూస్తే సగం పుల్లలు కింద పార్కింగ్‌లో పక్కింటివాళ్ల కారు మీద ఉన్నాయి. సెల్లర్‌కి ఫొటోలు పెడితే రిటర్న్ టైమ్ అయిపోయిందండీ అని ఒక్క ముక్క రిప్లై, తర్వాత సైలెంట్.

రిపేర్ మాత్రం అత్తయ్యగారే చేశారు. ఫిషింగ్ హార్బర్ దగ్గర షాపులో వల అల్లే నైలాన్ దారం తెప్పించుకుని, హాల్లో చాపేసుకుని రెండు రోజులు కూర్చుని మళ్లీ కట్టారు. నేను వేసిన ముడి జారిపోతుంటే "కణుపుకి కిందగా వెయ్యి, ఎక్కడికీ పోదు" అన్నారు, అంతే, ఇప్పుడు చేత్తో లాగినా కదలట్లేదు.

ఆ ఊపులో ఇంట్లోనే పెంచేద్దాం అనిపించింది నాకు. అత్తయ్యగారి తమ్ముడు చేపల చెరువు గట్టు మీంచి ఒక దుంప వేరు తెచ్చారు, సగం కోసిన డ్రమ్ములో బురద వేసి, పైన రెండంగుళాలు నీళ్లుండేలా చూసి టెర్రస్ మీద ఫుల్ ఎండలో పెట్టాం, ఈటెల్లాంటి మొలకలు వచ్చి చూస్తుండగానే నడుం దాకా లేచింది. నేలలో మాత్రం పెట్టొద్దని ఆయన మరీ మరీ చెప్పారు, వేరు పాక్కుంటూ పోయి ఏడాదిలో మీటర్లకి మీటర్లు ఆక్రమించేస్తుందట. పూత అయిపోయి ఆకులు ఎండాకే కొయ్యాలి, పచ్చిగా కోస్తే ముడుచుకుపోతుంది. అయితే తడిక సంగతి మర్చిపోవచ్చు, అడుగు తడికకి ఎన్ని పుల్లలో లెక్కపెట్టాను, 46! పదహారడుగులకి ఏడొందలు పైనే, మా డ్రమ్ము ఎక్కడ సరిపోతుంది.

పుల్లకి 5కి నాలుగున్నర ఇస్తా, కట్టుకి 1. బీచ్ వైపు ఉన్నవాళ్లు కొనేముందు తీగ దేనిదో అడగండి, స్టెయిన్‌లెస్ స్టీల్ అని రాసిలేకపోతే ఇంకో 200 వల దారానికి పక్కన పెట్టుకోండి. కిచెన్ వైపు ముక్క ఇంకా పాత తీగ మీదే వేలాడుతోంది మాకు, అత్తయ్యగారు సంక్రాంతికి వస్తామన్నారు, చూడాలి.