పైథాన్ నుంచి సీ లైబ్రరీ: మూడేళ్ల వాడకం తర్వాత

పరికరాల మధ్య చిన్న సందేశాలు పంపే ఎమ్‌క్యూటీటీ పద్ధతి కోసం సీలో రాసిన లిబ్‌మస్కీటో లైబ్రరీని, సీ కోడ్‌ను పైథాన్ నుంచి పిలవనిచ్చే సీటైప్స్ ద్వారా మూడేళ్లుగా వాడుతున్నాను. ఎమ్‌క్యూటీటీ గురించి, ఫలానాది జరిగినప్పుడు పిలవమని లైబ్రరీకి ఇచ్చే ఫంక్షన్ల, అంటే కాల్‌బ్యాక్‌ల గురించి తెలిసినవారికే ఇది రాస్తున్నాను. నా కోపమంతా ఒక్క విషయం మీదే. మనం అప్పగించిన కాల్‌బ్యాక్ ఇంకా బతికి ఉందో లేదో ఇటు పైథాన్ చూడదు, అటు సీ చూడదు.

దీంతో రాసిన నా ప్రోగ్రాం నడిచేది బంగారుపాళ్యం దగ్గర ఒక పాల చిల్లింగ్ సెంటర్‌లో. బల్క్ కూలర్‌లో పాలు 4 డిగ్రీల దగ్గర నిలవాలి. వేడి పెరిగితే అక్కడి ఇన్‌చార్జికీ, తిరుపతిలో ఉన్న నాకూ సందేశం రావాలి. మొదట అంతా సీలోనే రాశాను, తర్వాత పైథాన్‌లోకి మార్చినా అలవాటైన లైబ్రరీని వదలలేదు.

మొదటి ఏడాది దీన్ని తెగ పొగిడాను. ఈ లైబ్రరీ తన లూప్‌నే నడపమని పట్టుబట్టదు, సాకెట్‌ను, అంటే నెట్‌వర్క్ కనెక్షన్‌ను, మన చేతికి ఇచ్చేస్తుంది. దాన్ని పైథాన్ సొంత లూప్ అయిన అసింక్‌ఐవోకు అప్పగించి, డేటా వస్తే లూప్ రీడ్, పంపాల్సింది ఉంటే లూప్ రైట్, సెకనుకు ఒకసారి లూప్ మిస్క్ అనే లైబ్రరీ ఫంక్షన్లను పిలిస్తే చాలు. రెండో థ్రెడ్ అక్కర్లేదు. సెన్సర్లూ సందేశాలూ ఒకే లూప్‌లో ఎంత హాయిగా నడిచాయో! సీ ఒక్క వాక్యం కూడా రాయకుండా సీ లైబ్రరీని వాడుకోవచ్చని మిత్రులందరికీ చెప్పాను.

గత మే నెలలో ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది. ప్రోగ్రాం నడిచే మా బోర్డు ఇన్వర్టర్ మీద ఉంది, రౌటర్ లేదు. కరెంటు తిరిగి వచ్చినా కూలర్ కంప్రెసర్ మళ్లీ తిరగలేదు. తెల్లవారుజామున ఇన్‌చార్జి ఫోన్ చేశారు. “అన్నా, రాత్రి మీ మెసేజ్ ఒక్కటీ రాలేదు. సాయంత్రం పోసిన పాలన్నీ విరిగిపోయాయి.”

మొదటి బస్సుకే బయలుదేరాను. వెళ్లి చూస్తే ప్రోగ్రాం లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. బోర్డును ఇంటికి తెచ్చి, ప్రోగ్రాం ఎక్కడ కూలిందో చూపే ఫాల్ట్‌హ్యాండ్లర్ పెట్టి, రౌటర్ ప్లగ్గు పీకుతూ కూర్చున్నాను. రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారి లూప్ మిస్క్ పిలిచిన వరుస దగ్గర కూలింది. అప్పుడు అర్థమైంది. సందేశాలు అందుకునే కాల్‌బ్యాక్‌ను ఒక వేరియబుల్‌లో దాచాను. కనెక్షన్ తెగినప్పుడు పిలవాల్సిన దాన్ని మాత్రం తర్వాత ఎప్పుడో చేర్చి, అప్పటికప్పుడు తయారుచేసి నేరుగా సీకి ఇచ్చాను. దాన్ని పట్టుకున్నవారు లేరని పైథాన్ వెంటనే తీసేసింది. సీ దగ్గర ఆ పాత మెమరీ చిరునామా మాత్రం మిగిలింది. కనెక్షన్ తెగనన్ని రోజులూ దాని అవసరమే రాలేదు. ఆ రాత్రి రౌటర్ ఆగి నిమిషం దాటాక, జవాబు రావడం లేదని లైబ్రరీ గుర్తించి ఆ ఖాళీ చిరునామాకు వెళ్లింది. ఇలాంటి పతనాన్ని పైథాన్‌లో తప్పులను పట్టే ఏ ట్రై-ఎక్సెప్టూ ఆపలేదు.

కాల్‌బ్యాక్‌ను మనమే పట్టుకుని ఉండాలని సీటైప్స్ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది. అది చదివాను కూడా. అయినా పని సరిగ్గా సాగుతున్నప్పుడు ఆ వాక్యం గుర్తుండదు. కాల్‌బ్యాక్ లోపల వచ్చే ఎక్సెప్షన్ కూడా పైకి రాదు, తెర మీద అచ్చయి అక్కడితో ఆగిపోతుంది. సీ రాయనక్కర్లేదన్న నా మాట ఇప్పటికీ నిజమే కానీ, మెమరీ విషయంలో సీ రాసేవారి జాగ్రత్త అంతా కావాలి.

దిద్దుబాటు రెండు వరుసలే. కాల్‌బ్యాక్‌లన్నీ క్లయింట్ ఆబ్జెక్ట్‌లోనే ఒక లిస్టులో ఉంచాను. ప్రోగ్రాం పడిపోతే, లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మళ్లీ లేపేలా పెట్టాను. కొత్తగా మొదలుపెట్టేవారైతే పైథాన్‌లోనే రాసిన పాహో అనే ఎమ్‌క్యూటీటీ లైబ్రరీని తీసుకోవడం మేలేమో. నాకు పాత కోడ్ ఉంది, చూసుకోవాల్సింది ఒక్క సెంటరే, అందుకే మార్చలేదు. ఇప్పుడు నెలకోసారి ఇన్‌చార్జి రౌటర్ ప్లగ్గు పీకి, పది నిమిషాలకు మళ్లీ పెడతారు. కనెక్షన్ తిరిగి కలిసిందన్న సందేశం నా ఫోన్‌కు వచ్చినన్నాళ్లూ దీన్నే నడుపుతాను.