పైథాన్ ట్యూటర్: స్లైసింగ్ అర్థం కావాలంటే బాగుంది, నమ్‌పై దగ్గర చేతులెత్తేస్తుంది

నెల్లూరు, ఒంగోలు పాలిటెక్నిక్, డిగ్రీ కాలేజీల్లో సి భాష నేర్చుకుని పైథాన్‌కి వచ్చే పిల్లలు ముందుగా తడబడేది స్లైసింగ్ (లిస్టులోంచి ఒక ముక్క తీసుకోవడం) దగ్గర. సిలో అలాంటిది లేదు మరి. కోడ్ ఒక్కో లైను నడుస్తుంటే మెమరీలో ఏం జరుగుతోందో బొమ్మ గీసి చూపించే వెబ్‌సైట్ పైథాన్ ట్యూటర్. ఫిలిప్ గువో 2010లో మొదలుపెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు.

ఈ రెండు లైన్లు కొట్టి, విజువలైజ్ బటన్ నొక్కి, నెక్స్ట్ నొక్కుతూ పోండి:

ఊళ్లు = ["గూడూరు", "నెల్లూరు", "బిట్రగుంట", "కావలి", "సింగరాయకొండ", "ఒంగోలు"]
దారి = ఊళ్లు[1:5]

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా కావాలి, 0 నుంచి లెక్కపెడితే ఒంగోలు నంబరు 5 కదా అని ఇలా రాస్తారు. బండి సింగరాయకొండలోనే ఆగిపోతుంది. చివర రాసిన నంబరు లెక్కలోకి రాదు: 5లోంచి 1 తీసేస్తే 4, వచ్చేవీ నాలుగు ఊళ్లే. ఒంగోలు కూడా రావాలంటే [1:6] అనో, ఉత్త [1:] అనో రాయాలి. -1 అంటే చివరిదే కాబట్టి [1:-1] రాసినా ఒంగోలు పోతుంది.

బోర్డు మీద చెప్తే తెలియనిది ఇక్కడ తెలిసేది ఇంకోటుంది. స్లైస్ చేయగానే పక్కన కొత్త పెట్టె వస్తుంది, దాని నంబర్లు మళ్లీ 0 నుంచి మొదలవుతాయి. పాత లిస్టులో 3లో ఉన్న కావలి కొత్తదాంట్లో 2లో ఉంటుంది. చాలామంది పాత నంబరే వాడి, తప్పు ఊరు వచ్చిందేమని తల పట్టుకుంటారు. దారి[0] = "వేదాయపాళెం" అని మార్చి చూడండి, పాత పెట్టెలో నెల్లూరు అలాగే ఉంటుంది. అదే దారి = ఊళ్లు అని రాస్తే బొమ్మలో రెండు పేర్ల నుంచి వచ్చే బాణాలూ ఒకే పెట్టె మీదికి వెళ్తాయి, ఒకచోట మారిస్తే రెండుచోట్లా మారుతుంది. లిస్టులో లిస్టు ఉంటే మాత్రం స్లైస్ పైపొరనే కాపీ చేస్తుంది, లోపలి లిస్టులు ఉమ్మడివే. అదీ బాణాల్లో కనిపిస్తుంది.

ఇది చూపించలేనిదల్లా ఎర్రరే రాని తప్పు ఎందుకొచ్చిందో. ఊళ్లు[4:1] ఖాళీ లిస్టు ఇచ్చి ఊరుకుంటుంది, వెనక్కి రావాలంటే [4:1:-1] రాయాలి. ఊళ్లు[60] అంటే ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది గానీ ఊళ్లు[1:60] అంటే ఏ గొడవా లేకుండా చివరిదాకా ఇచ్చేస్తుంది. ప్రోగ్రాం ఆగదు, జవాబు మాత్రం తప్పు. బొమ్మలో ఖాళీ పెట్టె కనిపిస్తుంది, కారణం మీరే పట్టుకోవాలి.

తెలుగు మాటల్ని స్లైస్ చేసేవాళ్లు ఒకటి గమనించండి. పైథాన్ అక్షరాల్ని మనం లెక్కపెట్టినట్టు పెట్టదు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, అన్నీ విడివిడిగానే లెక్క. "నెల్లూరు" పొడవు 8. "నెల్లూరు"[:3] అంటే "నెల" వస్తుంది! [::-1]తో తిప్పితే గుర్తులు హల్లులకు ముందొచ్చి చదవలేకుండా పోతుంది. ఇది సైటు తప్పు కాదు.

జావాస్క్రిప్ట్‌కీ ఇదే సైటు వాడొచ్చు. అందులో slice(1, 4) కొత్త అర్రే (లిస్టు లాంటిదే) ఇస్తుంది, splice(1, 3) అసలు అర్రేలోంచే మూడు పీకేస్తుంది. పేర్లలో ఒక్క అక్షరం తేడా, బొమ్మ చూస్తే ఇక మర్చిపోరు.

లోపాలూ తక్కువేం కాదు. తెలుగులో లేదు. ఫోన్‌లో ఇరుకు, లాప్‌టాప్ లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో చూడటం నయం. ఫైళ్లు చదవదు. లూపు పెద్దదైతే 1000 స్టెప్పుల దగ్గర ఆపేస్తుంది, కాబట్టి ఐదారు అంశాల లిస్టుతోనే పరీక్షించండి. అన్నిటికంటే పెద్దది, నమ్‌పై (పైథాన్‌లో అంకెల అర్రేలతో లెక్కలు చేసే లైబ్రరీ) నడవదు. అక్కడ సూత్రమే వేరు: మామూలు స్లైస్ కాపీ ఇవ్వదు, అదే డేటాని ఇంకో కిటికీలోంచి చూపిస్తుంది. స్లైస్‌లో ఒక విలువ మారిస్తే అసలు అర్రే కూడా మారిపోతుంది. దానికి గూగుల్ కోలాబ్ (బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే సైటు) తెరిచి, స్లైస్ మార్చాక అసలు అర్రేని ప్రింట్ చేసి చూడండి. విడి కాపీ కావాలంటే స్లైస్ చివర .copy() తగిలించాలి.